తలకు దెబ్బ తగిలినవాణ్ని "బాగానే ఉన్నావా?" అని అడక్కండి

రగ్బీలో ఎవరికైనా తలకు దెబ్బ తగలగానే చుట్టూ ఉన్నవాళ్లు చేసే మొదటి పని, దగ్గరికి పరిగెత్తి "ఏరా, బాగానే ఉన్నావా?" అని అడగడం. వాడు "నాకేం కాలేదు" అంటాడు. ఎప్పుడు అడిగినా, ఎవర్ని అడిగినా ఇదే జవాబు. చీలమండ బెణికినవాడు కుంటుతాడు, భుజం జారినవాడు చెయ్యి పట్టుకుని అరుస్తాడు, ఆ దెబ్బలు దాచినా దాగవు. తల సంగతి అలా కాదు. దెబ్బ తిన్నదీ మెదడే, "నేను ఆడగలనా లేదా" అని తేల్చి చెప్పాల్సిందీ మెదడే. అలాంటప్పుడు వాడి జవాబుని పట్టుకుని నిర్ణయం తీసుకోవడం ఏ లెక్కన చూసినా తప్పే.

నేను వారాంతాల్లో ఓ అమెచ్యూర్ జట్టుకి టచ్‌లైన్ దగ్గర ఫస్ట్ ఎయిడ్ చూస్తుంటాను. డాక్టర్ని కాదు, కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాణ్ని, అంతే. ఈ పోస్టు రాయాలనిపించింది మొన్న ఎదుటి జట్టు కోచ్‌తో జరిగిన వాదన వల్ల. కంకషన్ (దెబ్బ వల్ల మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం) అనుమానం ఉన్న తన ఆటగాణ్ని కాసేపు బయట కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగి, మళ్లీ లోపలికి పంపిస్తానన్నాడు. "టీవీలో అలాగే చేస్తారు కదా" అన్నాడు. నిజమే, టీవీలో అలాగే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

టీవీలో మనం చూసేది హెచ్‌ఐఏ, అంటే హెడ్ ఇంజురీ అసెస్‌మెంట్. 2012లో దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు పరీక్షకి ఇచ్చిన టైమ్ 5 నిమిషాలు. ఆ 5 నిమిషాల పద్ధతి నచ్చకే ఐర్లాండ్ మాజీ ఆటగాడు, డాక్టరు కూడా అయిన బారీ ఓడ్రిస్కల్ అంతర్జాతీయ రగ్బీ బోర్డు వైద్య సలహాదారుగా తప్పుకున్నాడు. ఆయన భయపడినట్టే అయింది. 2013 జులైలో సిడ్నీలో, లయన్స్‌తో (బ్రిటన్, ఐర్లాండ్ ఉమ్మడి జట్టు) మూడో టెస్టులో, ఆస్ట్రేలియాకి ఫ్లాంకర్ స్థానంలో ఆడే జార్జ్ స్మిత్ తలా లయన్స్ ఆటగాడు రిచర్డ్ హిబ్బర్డ్ తలా ఢీకొన్నాయి. పక్కవాళ్లు పట్టుకుంటే తప్ప తిన్నగా నడవలేని స్థితిలో బయటికి వెళ్లిన స్మిత్ 5 నిమిషాల తర్వాత మళ్లీ ఆటలోకి వచ్చాడు, లోకమంతా చూస్తుండగా. ఆ తర్వాత ఆ టైమ్ 10 నిమిషాలైంది, ఇప్పుడు 12.

అయితే ఆ 12 నిమిషాల వెనక ఏముందో టీవీలో కనపడదు. స్వతంత్రంగా పనిచేసే డాక్టరు ఉంటాడు, దెబ్బ తగిలిన క్షణాన్ని నాలుగు కోణాల్లో వెనక్కి తిప్పి చూసే వీడియో ఉంటుంది, సీజన్ మొదట్లో ఆ ఆటగాడు బాగున్నప్పుడు తీసుకున్న పరీక్ష ఫలితాలు పోల్చి చూడటానికి చేతిలో ఉంటాయి. ఇంత ఉన్నా ఒక్క పరీక్షతో వదలరు, మ్యాచ్ అయ్యాక 3 గంటల లోపు ఇంకోటి, 36 నుంచి 48 గంటల మధ్య మరొకటి చేస్తారు. ఎందుకంటే లక్షణాలు ఆలస్యంగా బయటపడే అవకాశం ఎక్కువ. పైగా ఈ పరీక్ష అనుమానం ఉన్నవాళ్లకి మాత్రమే. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, పడ్డప్పుడు చేతులు గాల్లో బిగుసుకుపోయినా, లేచి తూలినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా పరీక్షా గిరీక్షా ఏమీ లేదు, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

మనలాంటి అమెచ్యూర్ గ్రౌండ్లకి హెచ్‌ఐఏ వర్తించనే వర్తించదు. కింది స్థాయిలో రూలు చాలా చిన్నది: అనుమానం వచ్చిందా, బయటికి పంపు, ఆ రోజు మళ్లీ రానివ్వకు. పరీక్ష లేదు, బెంచీ మీద కూర్చోబెట్టి చూడటం లేదు. నన్నడిగితే టీవీలో హెచ్‌ఐఏ చూసీ చూసీ కింది స్థాయి ఆటకి కొంత చెడే జరిగింది. కాసేపు కూర్చుంటే తేలిపోయే వ్యవహారం ఇది అనే నమ్మకం అందరిలో పడిపోయింది. న్యూజిలాండ్‌లో రిఫరీ చేతికి బ్లూ కార్డ్ ఇచ్చారు, కంకషన్ అనుమానం వస్తే చూపిస్తాడు, ఇక వాదన లేదు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది. ఆటగాడి చేతిలోంచీ, గెలవాలన్న టెన్షన్‌లో ఉన్న కోచ్ చేతిలోంచీ నిర్ణయాన్ని లాగేసుకుంటుంది.

ఇంతకీ లోపల ఏం జరుగుతుంది? తల ఒక్కసారిగా ఆగినప్పుడో, ఇంకా ముఖ్యంగా గిర్రున తిరిగినప్పుడో, మెదడులోని నరాల పోగులు సాగుతాయి. కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, కాల్షియం లోపలికి వస్తుంది. దీన్ని మళ్లీ సర్దుకోవడానికి కణాలకి బోలెడంత గ్లూకోజ్ కావాలి, కానీ సరిగ్గా అదే సమయంలో మెదడుకి రక్తం సరఫరా తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం తగ్గినట్టన్నమాట. ఈ తేడా సర్దుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఇందులో విరిగిందీ చిట్లిందీ ఏమీ ఉండదు కాబట్టి సీటీ స్కాన్‌లో ఏమీ కనపడదు. "స్కాన్ నార్మల్ అన్నారు, ఇంక ఆడొచ్చు" అనేవాళ్లకి ఇదే నా జవాబు. స్కాన్ తీసేది లోపల రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి లేవని తెలుసుకోవడానికి. కంకషన్ లేదని చెప్పే స్కాన్ మామూలు ఆసుపత్రుల్లో లేదు. అలాగే, స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం కూడా పొరపాటు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా స్పృహలోనే ఉంటారు. తలకు నేరుగా దెబ్బ తగలాలని కూడా లేదు, ఛాతీకి గట్టిగా తగిలి తల విసురుగా ఊగినా చాలు.

మరి ఎలా పట్టుకోవాలి? బంతిని చూడటం మానెయ్యాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది ప్రధానంగా ఇదే. ట్యాకిల్ (బంతి ఉన్నవాణ్ని పట్టి కింద పడేయడం) అయ్యాక ఆట ముందుకి పోతుంది, అందరి కళ్లూ దాని వెంట పోతాయి, నేను మాత్రం కిందపడ్డవాడు ఎలా లేస్తున్నాడో చూస్తాను. ఆ మధ్య మా ఫ్లాంకర్ ఒకడు ట్యాకిల్ చేస్తూ తల తప్పు వైపు పెట్టాడు. ఎదుటివాడి తుంటి ఎముక వీడి కణతకి తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదు, ఎవరూ "అయ్యో" అనలేదు. వీడు ముందు అరచెయ్యి నేలకి ఆనించి, మోకాలి మీదికి వచ్చి, లేచి, ఒక అడుగు పక్కకి వేశాడు. ముందుకి కాదు, పక్కకి. తర్వాత జాగింగ్ చేసుకుంటూ వెళ్లి ఎదుటి జట్టు డిఫెన్స్ లైన్‌లో నిలబడ్డాడు. వాళ్లు నవ్వారు. నేను రిఫరీకి చెయ్యెత్తాను.

బయటికి వచ్చాక "అన్నా, నాకేం కాలేదన్నా, ఒక్క నిమిషం ఆగి వెళ్తా" అన్నాడు. గ్రౌండ్ పేరు చెప్పాడు, ఏ హాఫో చెప్పాడు. "స్కోరెంతన్నా?" అని అడిగాడు, చెప్పాను. బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు, అది కట్టే ఉంది, విప్పి మళ్లీ కట్టాడు. తలెత్తి "స్కోరెంతన్నా?" అన్నాడు. అదే గొంతు, అదే ముఖం, ఇప్పుడే మొదటిసారి అడుగుతున్నట్టు. పక్కనే వాటర్ బాటిల్ పట్టుకుని నిలబడ్డ కుర్రాడు నా వంక చూశాడు. ఇక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

ప్రశ్నలు అడగడానికి ఒక పద్ధతి ఉంది. "నీ పేరేంటి, ఇవాళ ఏ వారం, ఎక్కడ పుట్టావు" లాంటివి పెద్దగా పనికిరావు, ఆ జ్ఞాపకాలు లోతుగా పాతుకుపోయి ఉంటాయి, కంకషన్‌తో కదలవు. కొత్తగా పడిన జ్ఞాపకాలే ముందు చెదిరేది. అందుకే మ్యాడక్స్ ప్రశ్నలంటూ కొన్ని వాడతారు: ఇవాళ ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇది ఏ హాఫ్, ఈ మ్యాచ్‌లో చివరగా స్కోర్ చేసింది ఎవరు, పోయినసారి ఎవరితో ఆడారు, అప్పుడు మీరు గెలిచారా? వీటిలో ఒక్కటి తప్పినా అనుమానం బలపడినట్టే. కానీ అన్నీ సరిగ్గా చెప్పాడని లోపలికి పంపకూడదు, ఈ ప్రశ్నలు పంపడానికి కాదు, ఆపడానికి. నోటితో చెప్పే లక్షణాల్లో నేను బాగా పట్టించుకునేది తలనొప్పి కంటే కూడా "ఏదో తేడాగా ఉంది", "మంచులో ఉన్నట్టుంది" అనే మాటలు. ఎప్పుడూ జోకులేసేవాడు ఊరికే కసురుకోవడం, ఏడవడం, అసలు మాట్లాడకపోవడం కూడా లెక్కలోకే వస్తుంది. వాణ్ని బాగా తెలిసిన తోటి ఆటగాడు "వీడు వీడిలా లేడు" అంటే నాకు అది చాలు.

అంబులెన్స్ పిలవాల్సినవి వేరే ఉన్నాయి, వీటి దగ్గర ఆలోచించకండి. మెడ నొప్పి లేదా మెడ ముట్టుకుంటే నొప్పి, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, ఫిట్స్, ఒక వస్తువు రెండుగా కనపడటం, చేతులు కాళ్లలో బలహీనతో తిమ్మిరో మంటో, మగత పెరుగుతూ పోవడం, మనిషి తిక్కగా కొట్లాడే ధోరణిలో పడటం, పుర్రె ఆకారంలో తేడా. స్పృహ లేనివాడికి మెడ కూడా దెబ్బతిందనే అనుకోవాలి. లేపి కూర్చోబెట్టడం, నీళ్లు ముఖాన కొట్టడం, చెంపలు తట్టడం లాంటివి వద్దు. శ్వాస చూడండి, తల కదలకుండా పట్టుకోండి, స్ట్రెచర్ పనిని అది వచ్చినవాళ్లకి వదిలెయ్యండి. మ్యాచ్ ఆగిపోతే ఆగిపోనీండి.

ఇక ఆ రాత్రి. ఒంటరిగా వదలకూడదు, బండి గానీ కారు గానీ నడపనివ్వకూడదు, మ్యాచ్ తర్వాత మందు పార్టీ ఉంటే వాడికి లేదు. నొప్పికి ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, లోపల ఎక్కడైనా రక్తం కారుతుంటే అవి దాన్ని ఎక్కువ చేస్తాయి, అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. "నిద్రపోనివ్వకూడదట కదా, గంటకోసారి లేపాలట కదా" అని ఇళ్లలోవాళ్లు తప్పకుండా అడుగుతారు. పైన చెప్పిన ప్రమాద సంకేతాలు ఏవీ లేకపోతే నిద్రపోనివ్వండి, మెదడుకి కావాల్సింది అదే. ఇంట్లో ఎవరో ఒకరు తోడుంటే చాలు, లేపినా లేవకపోతేనో ఊపిరి తేడాగా ఉంటేనో వెంటనే ఆసుపత్రి.

ఇంత హడావిడి దేనికి, నాలుగు రోజుల తలనొప్పేగా అనుకునేవాళ్లకి రెండు పేర్లు చెప్తాను. 2011 జనవరిలో ఉత్తర ఐర్లాండ్‌లో ఒక స్కూల్ మ్యాచ్‌లో బెన్ రాబిన్సన్ అనే 14 ఏళ్ల పిల్లాడు తలకు దెబ్బ తగిలాక కూడా ఆటలో కొనసాగాడు, మళ్లీ దెబ్బలు తగిలాయి, మ్యాచ్ చివర్లో కుప్పకూలాడు, మళ్లీ లేవలేదు. 2013 మేలో కెనడాలోని అటావాలో 17 ఏళ్ల రోవన్ స్ట్రింగర్, తన స్కూల్ రగ్బీ జట్టు కెప్టెన్, అలాగే పోయింది. కొద్ది రోజుల ముందే తలకు దెబ్బలు తగిలాయి. తనకి కంకషన్ అయిందేమోనని ఆమెకే అనుమానం, ఇంటర్నెట్‌లో వెతికింది, స్నేహితులకి మెసేజ్ చేసింది, అయినా ఆడింది. ఆమె పేరు మీద ఒంటారియోలో 2018లో చట్టం వచ్చింది. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయే ఈ స్థితి చాలా అరుదు, కానీ వచ్చేది ఎక్కువగా చిన్న వయసువాళ్లకే, వస్తే చేతిలో ఉండే సమయం నిమిషాలే. రోవన్ సంగతిలో నన్ను బాధపెట్టేది ఒకటే, ఆమెకి తెలుసు. చుట్టూ ఉన్న పెద్దవాళ్లకి మాత్రం తెలియలేదు.

పెద్ద స్థాయిలో, అన్ని కెమెరాలున్న చోట కూడా తప్పిపోతుంటాయి. 2015 ఫిబ్రవరిలో కార్డిఫ్‌లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో వేల్స్ వింగర్ జార్జ్ నార్త్‌కి రెండుసార్లు తలకు దెబ్బ తగిలింది. రెండోసారి స్పృహ తప్పినట్టు రీప్లేలో స్పష్టంగా కనపడింది, కానీ అప్పటికి వైద్య బృందం అది చూడలేదు, ఆటలో ఉంచేశారు. తర్వాతి నెల క్లబ్ మ్యాచ్‌లో మళ్లీ దెబ్బ తగిలి నెలల తరబడి ఆటకి దూరమయ్యాడు. అక్కడే అలా ఉంటే, ఒక ఫస్ట్ ఎయిడ్ బ్యాగు, ఒక విజిల్ ఉన్న మన గ్రౌండ్‌లో అనుమానమే ఆధారం కావాలి.

తిరిగి రావడం గురించి పాత సలహా ఇంకా చాలామంది నోళ్లలో ఉంది, చీకటి గదిలో పడుకోబెట్టండి, లక్షణాలన్నీ పోయేదాకా కదలనివ్వకండి అని. ఇప్పుడు అలా చెప్పట్లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని తేల్చింది ఏంటంటే, మొదటి 24 నుంచి 48 గంటలు కొంచెం నెమ్మదిగా ఉండాలి, ఫోనూ టీవీ తగ్గించాలి, కానీ మంచానికే అతుక్కుపోనక్కర్లేదు, ఇంట్లో పనులూ కాసేపు నడకా మంచివే. ఆ తర్వాత మెట్లు మెట్లుగా: తేలికపాటి వ్యాయామం, కొంచెం వేగంగా, తర్వాత ఎవరూ తగిలే అవకాశం లేకుండా ఒంటరిగా పరుగు, పాసింగ్, తర్వాత జట్టుతో కాంటాక్ట్ లేని ప్రాక్టీస్, డాక్టర్ సరే అన్నాకే కాంటాక్ట్, ఆ తర్వాతే మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. మొదటి మెట్లలో తలనొప్పి కొంచెం పెరిగి గంటలోపు తగ్గిపోతే ఫరవాలేదు, ఎక్కువైతే మాత్రం ఆపి మర్నాడు చూసుకోవాలి. చదువుకునే పిల్లలకైతే ముందు క్లాసుకి వెళ్లగలగాలి, గ్రౌండ్ సంగతి తర్వాత.

ఎన్ని రోజులు అనేది ఎప్పుడూ గొడవే. బ్రిటన్‌లో 2023లో వచ్చిన కింది స్థాయి మార్గదర్శకాల ప్రకారం మ్యాచ్ ఆడటానికి ఎంత త్వరగా అనుకున్నా 21 రోజులు, అదీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 14 రోజుల పాటు ఏ లక్షణమూ లేకుండా ఉంటేనే. "మరి ప్రొఫెషనల్స్ 12 రోజుల్లో వస్తున్నారుగా?" అంటారు. వాళ్లకి రోజూ చూసే డాక్టర్ ఉన్నాడు, మనకి లేడు, కాబట్టి మనకి రోజులే డాక్టరు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో, కంకషన్ తర్వాత తిరిగొచ్చినవాళ్లకి మోకాలు, కండరాలు, ఏదైనా సరే, మరో గాయం అయ్యే ముప్పు 60 శాతం ఎక్కువని తేలింది. తల బాగుందని మనకి అనిపించేటప్పటికి కూడా శరీరం సమన్వయం పూర్తిగా వచ్చి ఉండకపోవచ్చని నా ఊహ.

రాకుండా చూసుకోవడం గురించి క్లుప్తంగా. స్క్రమ్ క్యాప్, అంటే తలకి పెట్టుకునే మెత్తటి హెడ్‌గార్డు, చెవులు, చర్మం చీరుకుపోకుండా కాపాడుతుంది, కంకషన్‌ని ఆపదు. మౌత్‌గార్డ్ పళ్లని కాపాడుతుంది. 2024 నుంచి పై స్థాయిలో వాడుతున్న స్మార్ట్ మౌత్‌గార్డ్ కూడా తల ఎంత విసురుగా కదిలిందో కొలిచి డాక్టర్ని హెచ్చరిస్తుందే తప్ప దెబ్బని ఆపదు. ఆటలో తల గాయాల్లో నాలుగింట మూడొంతులు ట్యాకిల్ దగ్గరే, అందులోనూ ఎక్కువ తగిలేది ట్యాకిల్ చేసేవాడికి, పట్టుబడ్డవాడికి కాదు. నిటారుగా నిలబడి ట్యాకిల్ చేస్తే తలా తలా దగ్గరవుతాయి. అందుకే ఫ్రాన్స్ అమెచ్యూర్ ఆటలో ట్యాకిల్ ఎత్తుని నడుం దాకా దించింది, ఇంగ్లండ్ 2023లో కింది స్థాయిలో ఛాతీ ఎముక కింది అంచు దాకా. నడుం వంచి, తల పక్కకి పెట్టి ట్యాకిల్ చేయడం నేర్పడానికి ఒక సాయంత్రం పెట్టని కోచ్, హెడ్‌గార్డులకి డబ్బు పెట్టించడం నాకు నచ్చదు. ఇంగ్లండ్‌లో యాక్టివేట్ అనే వార్మప్‌ని స్కూల్ జట్లలో పరీక్షిస్తే, వారానికి మూడుసార్లు చేసినవాళ్లలో కంకషన్లు 59 శాతం తగ్గాయి. అందులో మెడ కండరాలకి వ్యాయామం ఉంది, పైసా ఖర్చు లేదు.

దీర్ఘకాలం సంగతి మీద భయపెట్టడం నాకిష్టం లేదు. ఒక్క కంకషన్ సరిగ్గా మానితే చాలామంది మామూలుగానే ఉంటారు. ఏళ్ల తరబడి తలకు తగిలే దెబ్బల సంగతి వేరు. 2003 వరల్డ్ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో హుకర్ స్థానంలో ఆడిన స్టీవ్ థాంప్సన్, 2020లో, 42 ఏళ్ల వయసులో, తనకి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని బయటికి చెప్పాడు. ఆ కప్పు గెలిచినట్టు తనకి గుర్తు లేదన్నాడు.

చివరిగా జట్టు నడిపేవాళ్లకి ఒక పని. మన ఆటగాళ్లు ఒక్క జట్టుకే ఆడరు, కాలేజీకీ క్లబ్బుకీ సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) టోర్నీకీ మారుతుంటారు, ఒక చోట దెబ్బ తగిలిన సంగతి ఇంకో చోట తెలియదు, వాళ్లు చెప్పరు. మేం ఒక నోట్‌బుక్‌లో పేరు, తేదీ, ఎలా తగిలింది, ఏం కనిపించింది, ఎప్పుడు డాక్టర్ సరే అన్నాడు, ఇవి రాస్తాం. ఆ రాత్రే ఇంట్లోవాళ్లకీ, వాడు ఆడే మిగతా జట్ల కోచ్‌లకీ ఒకటే మెసేజ్ పెడతాం, ఆటగాడి అనుమతి సీజన్ మొదట్లోనే సంతకంతో తీసుకుని ఉంచుతాం. మొన్న వాదించిన కోచ్‌కి ఆ అనుమతి కాగితం నమూనా పంపాను, ఇంకా జవాబు రాలేదు. మీకు కావాలంటే అడగండి, మీకూ పంపిస్తాను.